సగటు మొగుడు

వరహాలమ్మ నోట్లో ఎన్ని పళ్లు మిగిలాయో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. వాటిలో పెద్దదిక్కుగా నిలబడ్డ పన్ను మాత్రం ఆదివారం మధ్యాహ్నం పప్పన్నంలో దాగిన రాయి మీద పడి రెండు ముక్కలైంది.

"ఒలమ్మో! ఒలమ్మో!" అంటూ ఆవిడ చెంప పట్టుకుంది. "ఒలే మణీ, బియ్యం ఏరినావా, లేపోతే సేట మీద సెయ్యూపి వొగ్గేసినావా?"

"ఏరాను అత్తయ్యా. కళ్లతో చూసి మరీ ఏరాను."

ఆ 'కళ్లతో' అన్న మాటను మణిమాల కాస్త నొక్కే అంది. మూడేళ్లపాటు చీకట్లో ఉన్న మనిషి ఆమాత్రం నొక్కడంలో తప్పులేదు. మొదట రేచీకటి వచ్చింది, తర్వాత పగలు కూడా పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చింది, చివరికి దీపం ఆర్పినట్టు అంతా అయిపోయింది. ఆ మూడేళ్లూ బియ్యం వేళ్లతోనే ఏరింది. అప్పుడు మాత్రం ఒక్క రాయీ ఎవరి పంటికిందికీ రాలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు కొంచెం చిరాకేసింది.

బజారు బియ్యంలో ఈ రోజుల్లో రాళ్లుండవు. కానీ ఊళ్లోని సొంత చేను ధాన్యం, ఊరి మిల్లులో ఆడించినదైతేనే అన్నమని, మిగతాదంతా మందు బిళ్లలని వరహాలమ్మ సిద్ధాంతం.

"ఒక్క రాయే కదమ్మా," అన్నాడు పైడిరాజు చారు పోసుకుంటూ.

"ఇరిగింది నీ పన్ను కాదు గదరా బాబూ!"

మణిమాల మొగుడి వంక చూసింది. ఆయన నవ్వుతున్నాడు. చిత్రమేమిటంటే, ఆపరేషనైనప్పటి నుంచి ఆయన ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉన్నాడు. పెళ్లయిన పాతికేళ్లలో అంత నవ్విన మనిషి కాదు. పరిశోధన ఫలించిన ఆనందం కాబోలు, తనకు చూపొచ్చిన సంతోషం కాబోలు అనుకుంది. మొగుడు నవ్వుతుంటే కారణం వెతికిపెట్టడం పెళ్లాం పనే కదా.

డాక్టర్ పైడిరాజు విశాఖలో కొండవాలున ఉన్న ఒక దృష్టి పరిశోధన సంస్థలో పెద్ద శాస్త్రవేత్త. ఆయన తయారుచేసిన యంత్రం పేరు 'నేత్రి'. కంటి వెనక పొరలో గోరు చివరంత చిప్పు, ముక్కు మీద కెమెరా ఉన్న కళ్లద్దాలు, నడుముకు వక్కపొడి డబ్బాలాంటి చిన్న పెట్టె. దాన్ని మొట్టమొదట అమర్చింది సొంత భార్యకే. ఆపరేషన్‌కు ముందు ఏడాదిపాటు ఇంటి నిండా కెమెరాలు పెట్టించాడు. ఎందుకండీ అంటే, "డబ్బా మన ఇంటిని నేర్చుకోవాలి," అన్నాడు. మనుషుల ముఖాల కోసం పెళ్లి ఆల్బములు, పుట్టినరోజు వీడియోలు కూడా దానికి పోశాడు. వరహాలమ్మ మాత్రం స్నానాల గదిలోకి కెమెరా రానివ్వలేదు. "నా ఈపు సూసి నేర్సుకునేదేటి దానికి?" అంది.

కట్టు విప్పిన రోజున మణిమాల మొదట చూసింది వంటింటి కిటికీని. గాజు మీద నూనె మరక కూడా లేకుండా ఎంత తళతళలాడుతోందో అని మురిసిపోయింది. మూడేళ్లుగా దాన్ని ఎవరూ తుడవలేదన్న ఆలోచన ఆ మురిపెంలో రాలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం మణిమాల చేట ముందేసుకుని బాల్కనీలో కూచుంది. కళ్లు బార్లా తెరిచి చూసింది. మల్లెమొగ్గల్లా తెల్లటి బియ్యం, ఎక్కడా నలుసు లేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని పాత పద్ధతిలో వేళ్లు పోనిచ్చింది. రెండోసారి తిప్పేసరికే చూపుడువేలి కింద గరుగ్గా ఒకటి తగిలింది.

కళ్లు తెరిచింది. వేలి కింద ఉన్నది బియ్యపు గింజే.

వేలితో నొక్కి చూసింది. వేలేమో రాయంటోంది, కన్నేమో బియ్యమంటోంది. దాన్ని తీసి స్టీలు పళ్లెంలో వేసింది. టంగుమంది. పళ్లెంలో నల్లగా, స్పష్టంగా, అమాయకంగా రాయి కనిపించింది. మళ్లీ చేటలో వేసింది. మాయమైంది. పళ్లెంలోకి, చేటలోకి, మళ్లీ పళ్లెంలోకి. గారడీవాడి పక్కన నిలబడి కిటుకు కనిపెట్టబోయే పిల్లలా ఆమె ఆ రాయిని ఆడిస్తూనే ఉంది.

మణిమాల పెళ్లికి ముందు స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చదివింది. ఆ చదువు ఇన్నేళ్లలో ఇడ్లీపిండిలో మినప్పప్పు పాలు తేల్చడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు. ఇవాళ ఎక్కడో అటక మీద నుంచి దిగివచ్చి చెవిలో ఒక మాట చెప్పింది: సగటు. కన్ను చూపిస్తున్నది ఇప్పుడున్న గింజను కాదు, ఎప్పుడూ ఉండే గింజను.

అంతలో రెహానా వచ్చింది. పైడిరాజు దగ్గర పనిచేసే ఇంజినీరు. మర్నాడు సంస్థ హాల్లో పెద్ద ప్రదర్శన. మణిమాల వేదికెక్కి, తనకు ఏమేం కనిపిస్తున్నాయో పదిమంది ముందు చెప్పాలి. అది బాగా జరిగితే యంత్రం ఇంకా నలభైమందికి అమరుతుంది. వాళ్ల పేర్లు అప్పటికే ఖాయమయ్యాయి. రెహానా డబ్బా సరిచూడ్డానికి వచ్చింది.

మణిమాల ఆమెకు మొదట ఉల్లిపకోడీ పెట్టి, తర్వాత ప్రశ్న పెట్టింది. "బియ్యంలో రాయి నాకెందుకు కనిపించదమ్మా?"

రెహానా పకోడీ నములుతూ, "మీ ముక్కు మీకు కనిపిస్తుందా మేడమ్?" అంది.

"కనిపించదు. అయితే?"

"పొద్దస్తమానం కళ్ల ముందే ఉంటుంది కదా. అందుకే కళ్లు దాన్ని లెక్క చేయడం మానేశాయి. మన కళ్లన్నీ అంతే. లోకంలో ఆకు పక్కన ఆకే ఉంటుంది, గోడ పక్కన గోడే ఉంటుంది. వెలుగు పైనుంచే పడుతుంది. పసిపిల్లల కళ్లు ఇదంతా చూసి చూసి నేర్చుకుంటాయి. ఆ తర్వాత మామూలు సంగతుల గురించి మెదడుకు పెద్దగా మొరపెట్టుకోవు, కొత్తది కనిపిస్తేనే గోల చేస్తాయి. సార్ డబ్బాకి అదే విద్య నేర్పారు."

"మరి రాయి కొత్తదే కదా. గోల చెయ్యదేం?"

"మీ చిప్పులో చుక్కలు తక్కువ మేడమ్. ఒక చుక్క నల్లగా వస్తే అది రాయో, పొరపాటున వచ్చిన మచ్చో తేల్చుకోలేదు. సందేహమొస్తే అక్కడ మామూలుగా ఏముంటుందో అది వేసేస్తుంది. ఖాళీ పళ్లెంలో ఒక్కటే ఉంటే సందేహం రాదు, చూపిస్తుంది." రెహానా డబ్బా మూత తీసి ఆమె వేలు పట్టుకుని లోపల పెట్టింది. సన్నటి పళ్లున్న ఒక చక్రం తగిలింది. "ఇది అటు తిప్పితే వెలుగును నమ్ముతుంది. ఇటు తిప్పితే అలవాటును నమ్ముతుంది."

"ఇప్పుడు ఎటుంది?"

రెహానా చేతిలో పకోడీ ఆగింది. "సార్ మీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు, నేనే మరిచిపోయుంటాను," అంది మణిమాల తియ్యగా. మొగుణ్ణి బయటివాళ్ల ముందు కాపాడుకోవడం కూడా ఒక అలవాటే.

"దాదాపు చివరిదాకా అలవాటు వైపే ఉంది మేడమ్. నెల కిందట సారే పెంచమన్నారు. మొన్న ప్రదర్శన హాలు కూడా షూట్ చేసి డబ్బాకి నేర్పించాం, రేపు మీరు ఎక్కడా తడబడకుండా."

రెహానా వెళ్లాక మణిమాల చాలాసేపు ఆ చక్రం గురించే ఆలోచించింది. బియ్యంలో రాయి పోతే పోయింది. ఇంకా ఏమేం పోయాయి?

*

సాయంత్రం టీ ఆ ఇంట్లో పూజలాంటిది. బాల్కనీలో పేము కుర్చీలో పైడిరాజు పేపరు పట్టుకుని కూచుంటాడు. కుర్చీ వీపు మీద ఆయన తువ్వాలు. పక్కన స్టూలు. మణిమాల టీ తెచ్చి స్టూలు మీద పెట్టి, గట్టు మీద కూచుని కబుర్లు చెబుతుంది. ఆయన వింటాడు. వినడమంటే, పది మాటలకొక 'ఊఁ' అనేవాడు. ఈమధ్య అది కూడా తగ్గింది. కానీ నవ్వుతున్నాడు కదా, 'ఊఁ' కంటే నవ్వే నయమని ఆమె సర్దుకుంది.

పోయిన వారం ఇక్కడే ఆమె మనసు విప్పింది. "నాకు రోజూ తెల్లారి కళ్లు తెరవాలంటే భయమేస్తుందండీ. ఈ చూపు మళ్లీ పోయిందేమోనని. పోతే నన్ను విసుక్కోరు కదా?" అంది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఎంత చల్లగా నవ్వాడని! ఆ నవ్వు చూసుకుని ఆమె వారమంతా ధైర్యంగా నిద్రలేచింది.

ఇవాళ స్టూలు మీద బియ్యం చేట ఉండిపోయింది. అందుకని మణిమాల గ్లాసు నేరుగా ఆయన చేతికే అందించింది.

"కాస్త వేడిగా ఉంది, పట్టుకోండి," అని వదిలింది.

గ్లాసు ఆయన చేతిలోంచి, ఒళ్లోంచి, కుర్చీలోంచి కిందికి పోయి నేల మీద భళ్లుమంది.

పైడిరాజు కదలలేదు. పేపరు కదలలేదు. ఒడి నిండా పొగలు కక్కే టీ కారుతుంటే ఆయన అదే నవ్వు నవ్వుతున్నాడు. మణిమాల చెయ్యి చాపింది. ఆయన భుజం ఉండాల్సిన చోట గాలి తగిలింది. ఇంకాస్త ముందుకు చాపితే తువ్వాలు తగిలింది. అప్పుడు గాని ఆయన వెలిసిపోలేదు. మొదట ముఖం, తర్వాత పేపరు, చివరికి చేతులు. కింద గాజుపెంకులు మాత్రం ఒక్కొక్కటీ నగిషీ చెక్కినంత స్పష్టంగా మెరిశాయి. గాజుపెంకులు ఆ ఇంటికి అలవాటు లేదు మరి.

చప్పుడుకి వరహాలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "ఏటే ఇది? ఎవురితో మాటాడతన్నావు?"

"ఆయన ఏరీ అత్తయ్యా?"

ముసలావిడ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం పాతికేళ్లలో ఇదే మొదటిసారి.

"ఎక్కడున్నారూ?"

"ల్యాబులోనే ఉండిపోనాడే. రోజూ ఈయేలకి అక్కడే ఉండి, సీకటయ్యాక సప్పుడు సెయ్యకుండా వొస్తన్నాడు. నెల్లాళ్లయింది."

"నెల్లాళ్లా? నేను రోజూ ఇక్కడ కూచుని..." ఖాళీ కుర్చీ వంక చూసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దన్నాడు. ఏదో పరీచ్చంట. సెప్తే పాడైపోద్దంట. నానేటి సేసేదే, కొడుకు మాట."

మణిమాలకు ఇంకో అనుమానం వచ్చింది. ఎంత దుఃఖంలోనైనా ఇల్లాలి బుర్ర ఆ వైపు ఒకసారి వెళ్లి వస్తుంది. "మరి రోజూ గ్లాసు ఖాళీగా ఉండేది. టీ ఎవరు తాగారు?"

వరహాలమ్మ తల దించుకుంది. "పారబొయ్యడానికి మనసొప్పలేదే."

*

పైడిరాజు చీకటి పడుతుండగా వచ్చాడు. తలుపు తీసేసరికి ఎదురుగా అదే ముఖం, అదే నవ్వు.

"గాజుపెంకులేంటి బాల్కనీ నిండా? చూసుకోవద్దూ?" అన్నాడు. నోరు నవ్వుతోంది, గొంతు విసుక్కుంటోంది. ఇన్నాళ్లూ ఆమె ముఖాన్ని నమ్మి గొంతును వదిలేసింది.

"మీ టీ మీ ఒళ్లోంచి కారిపోయింది," అంది.

ఆయనకు అర్థమైంది. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత లాబొరేటరీలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"చూడు మణీ, నేను కావాలని మొదలెట్టలేదు. ఒకరోజు రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి నువ్వు కుర్చీతో మాట్లాడుతున్నావు. తలుపు దగ్గర నిలబడి చూశాను. తువ్వాలు, కుర్చీ, ఆ వేళ. ఆ మూడింటినీ బట్టి డబ్బా మనిషినే కూచోబెట్టింది! అంతవరకు వెళుతుందని నేనే అనుకోలేదు. ఎంతవరకు వెళుతుందో చూడాలి కదా. నీకు తెలిస్తే పరీక్షే ఉండదు."

"నేను ఎన్నాళ్లకు కనిపెడతానో చూశారన్నమాట."

"నువ్వు కనిపెట్టకపోవడం చాలా మంచి ఫలితం," అన్నాడాయన. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

"భయమేస్తోందని చెప్పాను. ఆ రోజూ లేరా?"

"లేను. కానీ విన్నాను. బాల్కనీ మాటలన్నీ రికార్డవుతాయి."

"విని?"

"నీ గొంతులో అనుమానమే లేదు. ఎదురుగా మనిషి ఉన్నాడనే పూర్తిగా నమ్మావు."

మణిమాల గోడకు ఆనుకుంది. మొగుడు ఇంకొకర్తె దగ్గరికి వెళితే ఏమని ఏడవాలో లోకం నేర్పింది. కుర్చీలో తన సగటును కూచోబెట్టి వెళ్లిపోయిన మొగుడి గురించి ఏమని ఏడవాలో ఎవరూ నేర్పలేదు.

"ఆ నవ్వు ఎక్కడిది?" అని అడిగింది.

"ఏ నవ్వు?"

"మీ ముఖం మీద డబ్బా వేసే నవ్వు."

ఆయన ఆలోచించాడు. "ఆల్బముల్లోంచి తీసుకుని ఉంటుంది. మా మేనకోడలి పెళ్లి వీడియోలో నా ముఖం ఎక్కువసేపు ఉంది. భోజనాల దగ్గర."

అవును. బూరెలు వడ్డిస్తున్నప్పటి నవ్వు. వారమంతా ఆమెకు ధైర్యం చెప్పింది బూరె మీది ప్రేమ.

"చక్రం వెలుగు వైపు తిప్పెయ్యండి."

"పిచ్చా నీకు? తిప్పితే ఏమీ ఉండదు, నాలుగు మిణుగురు చుక్కలు తప్ప. భయపడిపోతావు. రేపు ప్రదర్శన కానీ, తర్వాత చూద్దాం. నీకు చూపిచ్చాను మణీ, అది మరిచిపోకు."

"మీరిచ్చింది మీ అలవాటు. అది నాకు ముందునుంచీ ఉంది," అంది మణిమాల.

*

తెల్లవారి ఆమె పిన్నీసు తీసుకుని డబ్బా మూత తెరిచింది. చక్రాన్ని వెలుగు వైపు చివరిదాకా తిప్పింది.

వంటిల్లు ఊడ్చుకుపోయింది. తళతళలాడే కిటికీ పోయింది. చీకట్లో అక్కడక్కడ బూడిదరంగు చుక్కలు వెలుగుతూ ఆరుతూ మిగిలాయి. రోజూ తెల్లారి ఏది జరుగుతుందని భయపడిందో అది తన చేత్తో తనే చేసుకుంది. వేళ్లతో గోడ తడుముకుంటూ బాల్కనీకి వెళ్లి పేము కుర్చీలో కూచుంది. ఎన్నేళ్లుగా ఉందో ఆ కుర్చీ, ఆమె అందులో కూచోవడం మొదటిసారి.

కాసేపటికి పైడిరాజు అడుగుల చప్పుడు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"నీలం చీర కట్టుకో మణీ, వేదిక మీద బాగుంటుంది," అన్నాడు వంటింటితో. "నిన్నటిది మనసులో పెట్టుకోకు. ఆఁ, కాఫీలో పంచదార తగ్గించు."

వంటింట్లో పొయ్యి కూడా వెలగడం లేదు. ఆయన జవాబు కోసం ఆగలేదు. అడుగులు స్నానాల గది వైపు వెళ్లిపోయాయి.

బాల్కనీ మూల జపం చేసుకుంటున్న వరహాలమ్మ నోరు తెరవబోయింది. మణిమాల ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"వద్దత్తయ్యా."

"ఆడికి కళ్లు బాగానే ఉన్నాయి కదే!" అంది ముసలావిడ, నమ్మలేనట్టు.

"ఉన్నాయి. డబ్బా కూడా అక్కర్లేదు ఆయనకి."

వరహాలమ్మ తులసిపూసల దండ పక్కన పెట్టింది. "రానని సెప్పేయే. పోయేదేటి?"

"వస్తాను. మీరు నా చెయ్యి పట్టుకోండి చాలు," అంది మణిమాల. "నలభైమంది ఎదురుచూస్తున్నారు అత్తయ్యా. వాళ్ల ఇళ్లల్లోనూ కుర్చీలుంటాయి."

*

హాలు కిక్కిరిసిందని దగ్గుల్ని బట్టి తెలిసింది. వరహాలమ్మ ఆమెను వేదిక మెట్లు ఎక్కించి పక్కకు తప్పుకోలేదు, అక్కడే నిలబడింది. ఆవిణ్ణి దింపే ధైర్యం నిర్వాహకులకు లేకపోయింది.

డబ్బా నేర్చుకున్న ఆ హాలు ఇప్పుడు మణిమాలకు లేదు. ఉన్నవల్లా దీపాల దగ్గర నాలుగు చుక్కల గుంపులు, మిగతాదంతా నలుపు.

మైకు పట్టుకున్న పెద్దమనిషి ముందే అనుకున్న ప్రశ్న వేశాడు. "అమ్మా, ఇంతమందిలో మీ వారెక్కడున్నారో చూపించగలరా?"

అందరూ నవ్వారు. ముద్దుగా ఉండే ప్రశ్న. చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి. ముందు వరసలో మధ్య కుర్చీ అని నిన్ననే రెహానా చెప్పింది. వేలు చూపిస్తే చాలు. మొగుడికి పేరు, ఇంటికి గౌరవం, తనకు మళ్లీ తళతళలాడే కిటికీ.

"ముందు వరసలో మధ్య కుర్చీలో ఉండాలండీ," అంది మణిమాల. "ఉండాలి అని మాత్రమే నాకు తెలుసు. ఈ యంత్రం కూడా అంతే చెబుతుంది. అక్కడ కుర్చీ ఖాళీగా ఉన్నా ఆయన్ని చూపిస్తుంది, నవ్వుతూ చూపిస్తుంది. మా ఇంట్లో నెల్లాళ్లు చూపించింది. ఖాళీ కుర్చీకి నా కష్టసుఖాలన్నీ చెప్పుకున్నాను. అది తెలిసి కూడా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. మీరు మీవాళ్లకు ఇది పెట్టించేముందు ఈ మాట వాళ్లకు చెప్పండి. ఇవాళ పొద్దున్నే నేను ఆ అలవాటు తీసేసి వచ్చాను. ఇప్పుడు నాకు దాదాపు ఏమీ కనిపించడం లేదు."

దగ్గులు ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

ముందు వరస మధ్యలో, నలుపులో, కొన్ని చుక్కలు ఒక్కసారిగా చెదిరి పైకి లేచాయి. తల ఎత్తంత, భుజాల వెడల్పంత. అవి నిలకడగా లేవు. వణికాయి, వంగాయి, మళ్లీ నిటారుగా అయ్యాయి. ఎవరూ దానికి నేర్పని కదలిక అది.

"ఆగండి," అంది మణిమాల. మెల్లగా చెయ్యెత్తి ఆ చుక్కల వైపు చూపించింది. "అదుగో. ఆయన లేచి నిలబడ్డారు."

ఆ చుక్కల్లో కళ్లు లేవు, ముక్కు లేదు, నవ్వు అసలే లేదు. ఆపరేషనైన తర్వాత ఆమె మొగుణ్ణి చూడడం అదే మొదటిసారి.